సిపాయి కోటు రంగు

నేను మొట్టమొదట కుంచె పట్టుకున్నది ఒక సిపాయి మూతి సరిచేయడానికి.

అప్పటికి మా ఆయన పోయి నాలుగేళ్లు. పిల్లలు కలగలేదు. ఆర్మూర్‌లో పసుపు మార్కెట్ వెనక గల్లీలో ఒక రిటైరైన సోషల్ సారు ఇంట్లో, పెరటి వైపు ఒక్క గదిలో అద్దెకుండేదాన్ని. పసుపు వచ్చే నెలల్లో షావుకార్ల కల్లాల్లో కొమ్ములు వేరు, దుంపలు వేరు చేసే పని. మిగతా నెలల్లో బీడీలు. నా గదిలో బల్బు మిణుగురు పురుగులాగా వెలిగేది. అందుకని పొద్దుగూకాక చాట, తునికాకు, తంబాకు తీసుకుని సారు వరండాలో ట్యూబులైటు కింద కూర్చునేదాన్ని. సారు భార్యను నేను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె ఒక పక్క బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనో, తమలపాకులకు సున్నం రాసుకుంటూనో కూర్చునేది. ఇంకో పక్క సారు చిన్న బల్ల ముందు వేసుకుని సిపాయిలకు రంగులు వేసేవాడు.

సిపాయిలంటే వేలెడంత. నిర్మల్‌లో బొమ్మలు చెక్కే ముసలాయన ఒకాయన సారుకు తెలుసు. రెండు మూడు నెలలకోసారి సారు బస్సెక్కి, పోచంపాడ్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్ పోయి ఒక గుడ్డసంచి నిండా వాళ్లను తెచ్చుకునేవాడు. పొనికి చెక్కతో చెక్కి, చింతగింజల ముద్ద పూసి నున్నగా చేసిన తెల్లటి మనుషులు. కొందరి చేతుల్లో బల్లెం, కొందరి చేతుల్లో తుపాకి, కొందరు గుర్రాల మీద. రంగు లేనప్పుడు అందరూ ఒక్కలాగే ఉండేవాళ్లు. సారు దగ్గర దేశదేశాల పాత దండుల బొమ్మలున్న లావు పుస్తకాలుండేవి. అవి చూసుకుంటూ ఒక్కొక్కడికి తలపాగా, కోటు, నడికట్టు, బూట్లు వేసేవాడు. ఆరాక పలక మీద వరసగా నిలబెట్టేవాడు. అమ్మేది లేదు, ఎవరికీ ఇచ్చేది లేదు.

నాకు ఉండబట్టలేదు. ఒకరోజు అడిగేశాను.

"వీటితోని ఏం జేస్తరు సారూ?"

"చూస్తం."

"చూస్తే?"

"చూస్తే తెలుస్తది."

"ఏం తెలుస్తది?"

పెద్దమ్మ బియ్యం చాట దించి నవ్వింది. "ముప్పై ఏండ్ల సంది నేను గిదే అడుగుతున్న బిడ్డా. గిప్పటిదాంక చెప్పలే."

ఆ రోజుల్లోనే సారు చేతిపని తప్పుతోంది. నేను రోజూ చూస్తున్నాను కదా, నాకు తెలుస్తోంది. బెల్టు గీత నడుము మీంచి జారి తొడ మీదికి వచ్చేది. ఒకరోజు ఒక గుర్రపు సిపాయికి మీసం వేశాడు. అది మూతి మీద పడకుండా చెంప మీద పడింది. సారు దాన్ని పలక మీద పెట్టి బాగుందన్నట్టు తలూపాడు. నా నోరు ఊరుకోదు.

"సారూ, మీ సిపాయి మూతి పక్కకు పోయింది. పక్షవాతం వచ్చినోని లెక్కున్నడు."

పెద్దమ్మ గతుక్కుమంది. సారు సిపాయినీ కుంచెనీ నా ముందుకు తోశాడు.

"గట్లనా? అయితే నువ్వు సక్కజెయ్యి."

నేను చదివింది రెండో తరగతి. పలక బలపం తప్ప చేతిలో పట్టుకున్నది లేదు. కానీ ఆ కుంచె పట్టుకోగానే నా వేళ్లకు కొత్తగా అనిపించలేదు. తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, దారం కట్టి, మూతి లోపలికి మడవాలంటే వేళ్ల కొసల్లో ఎంత పని ఉంటుందో బీడీలు చేసినవాళ్లకే ఎరుక. పాత మీసం గీకేసి, ఊపిరి బిగబట్టి, కొత్త మీసం రెండు గీతల్లో పెట్టాను. సారు ఆ సిపాయిని కంటికి దగ్గరగా పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"రేపు పొద్దుమీకి జర జల్ది రా," అన్నాడు.

ఆ రోజు నుంచి సగం సాయంత్రం బీడీలు, సగం సాయంత్రం సిపాయిలు. బీడీల పని చేతులకు, సిపాయిల పని బుర్రకు. నాకు అన్నీ అనుమానాలే. గుర్రం ఎక్కినవాడికి బూట్లుండి నడిచేవాడికి ఎందుకు లేవు? నడవాల్సింది వాడు కదా. కోటుకు రెండు వరసల గుండీలెందుకు, ఒక వరసే పెట్టుకుంటాడు కదా. తలపాగాలో ఈక దేనికి, వానకు తడిస్తే ఏమవుతుంది? సారు ఒక్కోదానికి ఒక్కో జవాబు చెప్పేవాడు. ఒకరోజు కత్తి అందరికీ ఎడమపక్కనే ఎందుకు వేలాడుతుందని అడిగాను.

"కుడిచేత్తోని గుంజాలె గద. అడ్డంగ గుంజితేనే సులువు."

"మరి ఎడమచేతివాటపోడో? మా ఆయన బువ్వ ఒక్కటి తప్ప అన్ని ఎడమచేత్తోనే జేస్తుండె."

సారు కుంచె కిందపెట్టాడు. "ఇన్నేండ్లు పాఠం చెప్పిన. ఒక్క పోరడన్న గీ మాట అడగలే," అన్నాడు. మా ఆయన సిపాయి అయ్యుంటే ఏం చేసేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మండలాలు కొత్తగా వచ్చిన ఏడాది అనుకుంటా, బతుకమ్మ పండుగ ముందు. సారు పన్నెండు మంది సిపాయిలను నా ముందు పెట్టి, పుస్తకంలో బొమ్మ చూపించాడు. పచ్చటి తలపాగాలు, పచ్చటి నడికట్లు. అంటే పసుపు పచ్చ. చూస్తే పసుపు రంగు డబ్బీ ఎండి రాయిలా అయ్యింది. కొత్తది కావాలంటే నిజామాబాద్ పోవాలి.

"ఆర్మూర్ల ఉండి పసుపుకు ఫికర్ జేస్తరా సారూ?" అన్నాను.

ఇంట్లోకి పోయి గుప్పెడు పసుపు తెచ్చాను. తుమ్మబంక నానబెట్టి అందులో కలిపాను. అబ్బ, ఎంత బాగా పట్టిందో! డబ్బీ రంగు దాని ముందు వెలవెలబోయింది. పన్నెండు తలపాగాలు, పన్నెండు నడికట్లు వేసి, నిలబెడితే బంక కారుతుందని ఒక్కొక్కరిని వెల్లకిలా గోడగూట్లో పండబెట్టాను. పండుగ కదా, పెద్దమ్మ ఆ మధ్యాహ్నమే ఇల్లంతా సున్నం వేసుకుంది. గూడు ఇంకా పచ్చిగా ఉంది. అది నేను చూశాను. చూసి కూడా పండబెట్టాను.

తెల్లారి సారు కేక వేస్తే పరుగెత్తుకుపోయాను. సిపాయిలను పలక మీద నిలబెట్టి ఉన్నాడు. ముందు నుంచి చూస్తే తలపాగాలు పచ్చగా మెరుస్తున్నాయి. సారు ఒకడిని వెనక్కి తిప్పాడు. తలపాగా వెనక భాగం, నడికట్టు వెనక భాగం నెత్తురు ఎరుపు.

పసుపులో సున్నం కలిస్తే ఎర్రనవుతుందని తెలియని ఆడది ఎవరైనా ఉంటుందా? చంటిపిల్లకు దిష్టి తీయాలన్నా, కొత్త పెళ్లికొడుకు గడప దాటాలన్నా ఆ ఎర్రనీళ్లు కలిపేది మేమే కదా. పసుపు మార్కెట్ వెనక గల్లీలో ఉండి, పసుపు దుమ్ములో బతుకుతూ నేనా ఆ పని చేసింది! రంగు అనుకున్నాను కాబట్టి అది పసుపన్న సంగతే మరిచిపోయాను.

"దిష్టి తీసినవా బిడ్డా నా సిపాయిలకు?" అన్నాడు సారు.

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ గోడకు ఒరిగింది. సారు ఒక్కొక్కడిని ముందుకు, వెనక్కి తిప్పుతున్నాడు. "ముంగటికి ఉరికితే ఒక రాజు దండు. ఎనకకు మర్రితే ఇంకో రాజు దండు. వీండ్లను ఎవ్వడు నమ్మి జీతమిస్తడే!"

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. ఒక్క రంగు మారితే మనిషి దండు మారిపోతాడా? అదే మూతి, అదే బల్లెం, అదే చెక్క కదా అన్నాను.

"మారుతడు," అన్నాడు సారు. "దూరంకెల్లి జూసేటోనికి మొఖం కనవడది. కోటే కనవడ్తది. కోటు జూసే తుపాకి పేలుస్తరు, కోటు జూసే ఆపుతరు."

అప్పుడు అడిగాను. చాలారోజులుగా అడగాలనుకుంటున్నదే. పలక మీద లేని సిపాయి ఒకడు సారు దగ్గర ఉండేవాడు. పాత కళ్లద్దాల డబ్బీలో, దూది మధ్యన. కోటూ తలపాగా వేసుకుని, ఒక చెయ్యి స్టూలు మీద పెట్టి నిలబడ్డవాడు. వాడికి ఏ రంగూ లేదు. సారు అప్పుడప్పుడు డబ్బీ తెరిచి చూసి మూసేవాడు.

"గా డబ్బీలున్నాయనకు ఎందుకు రంగెయ్యరు సారూ?"

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. లోపలికి పోయి ఒక ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టింది. అరచేయంత ఫోటో. అందులో అచ్చం అలాగే స్టూలు మీద చెయ్యి పెట్టి ఒక పడుచు మనిషి.

"మా నాయిన," అన్నాడు సారు.

నైజాం దండులో సిపాయిగా ఉండి, సముద్రం దాటి ఏదో ఎడారి దేశంలో యుద్ధానికి పోయి వచ్చాడట. వచ్చిన కొన్నేళ్లకు సారు పుట్టాడు. సారు పాకే వయసులోనే ఆయన జ్వరం తగిలి పోయాడు. సారుకు ఆయన మొహం ఆ ఫోటోలో తప్ప తెలియదు. చిన్నాయనలందరూ ఎర్రకోటు అనేవాళ్లట. మీ నాయిన ఎర్రకోటు వేసుకుని నడిచొస్తే ఊరంతా చూసేది అని. సారు కూడా బడిలో ప్రతి క్లాసుకు అదే చెప్పాడు. కానీ కుంచె పట్టుకుని ఎరుపు ముంచే సరికి చెయ్యి ఆగిపోయేదట. వాళ్ల అమ్మ మాత్రం ఎప్పుడూ ఎరుపు అనలేదు. కోటు ఊసెత్తితే ఊరుకునేది.

"మరి ఎన్నేండ్లు ఆగుతరు?" అన్నాను.

"ఆగే టైం లేదు బిడ్డా. నాకు నీటికాసులు. నిజామాబాద్ డాక్టర్ చెప్పిండు, పోయిన చూపు మల్ల రాదు, ఉన్నదాన్ని మందు చుక్కలతోని కాపాడుకో అని. గిప్పుడే గొట్టంలకెల్లి చూసినట్టున్నది. గా గొట్టం మూసుకపోకముందే మా నాయినను జూడాలె. సక్కటి కోటుతోని జూడాలె. తప్పుది ఏసి జూస్తే ఏం ఫాయిదా?"

చెంప మీద మీసం ఎందుకు పడిందో నాకు అప్పుడు తెలిసింది. పక్షవాతం అని వెక్కిరించిన నా నోటిని తిట్టుకున్నాను.

ఆ ఫోటోను నేను వదల్లేదు. సారు ఇచ్చినంతసేపు చూసేదాన్ని. చదువుకున్నవాళ్లు పుస్తకాల్లో వెతుకుతారు. నాకు వెతకడానికి ఆ ఫోటో ఒక్కటే ఉంది. అందులో ఏముంది? తలపాగా, కోటు, స్టూలు, వెనక ఒక తెర. కోటు ఫోటోలో లేతగా ఉంది. బూడిద కంటే కాస్త ముదురు. ఆ లేతదనం నా కళ్లలో గుచ్చుకుంటోంది, ఎందుకో తెలియడం లేదు.

రెండు రోజుల తర్వాత చాటలో ఆకులు సర్దుతుంటే తట్టింది. గదిలోకి పోయి ట్రంకుపెట్టె అడుగు నుంచి నా ఫోటో తీశాను. పెళ్లయిన రెండో నెలలో నేనూ మా ఆయనా నిజామాబాద్ స్టూడియోలో దిగింది. ఆ రోజు నేను కట్టుకున్నది మిరపపండు రంగు చీర. మా ఆయన తొడుక్కున్నది లేత పసుపు అంగీ. ఫోటోలో నా చీర బొగ్గులా ఉంది. మా ఆయన అంగీ తెల్లగా ఉంది.

దాన్ని పట్టుకుని వరండాలోకి పోయి సారు నాయిన ఫోటో పక్కన పెట్టాను.

"సారూ, ఎరుపు ఫోటోల నల్లగొస్తది. సూడుండ్రి, గిది నా ఎర్రచీర. మీ నాయిన కోటు లేతగున్నది. గది ఎర్రది గాదు."

సారు రెండు ఫోటోలూ కంటికి ఆనించుకుని చూశాడు. చూస్తూ చూస్తూ మొహం ముడుచుకున్నాడు.

"గా కెమెరా ఏరు, గీ కెమెరా ఏరు. ఎన్కటి ఫోటో, ఎలిసిపోయింది."

"ఎలిస్తే తలపాగ సుత ఎలవాలె గద సారూ. తలపాగ నల్లగనే ఉన్నది."

"నువ్వు నాకు పాఠం చెప్తవా?" అన్నాడు. గట్టిగానే అన్నాడు.

నేను చాట ఎత్తుకుని నా గదికి పోయాను. రెండు సాయంత్రాలు మిణుగురు బల్బు కిందే బీడీలు చుట్టుకున్నాను. కోపం ఉంది, కాదనను. కానీ కోపం కంటే ఎక్కువ ఇంకోటి ఉంది. ఎరుపు కాకపోతే ఏ రంగు? పనిలో ఉన్నా అదే, అన్నం తింటున్నా అదే. పచ్చనా, నీలమా, గంధం రంగా? ఫోటో చెప్పగలిగింది ఏది కాదో అంతవరకే. ఏది అవునో చెప్పడం లేదు.

మూడో సాయంత్రం పెద్దమ్మ నా గది గుమ్మంలో వచ్చి నిలబడింది.

"ఏమే, అలిగినవా? గా మనిషి నీకంటె ఎక్కువ అలిగిండు. మూడు దినాల సంది బువ్వ సక్కగ తింటలేడు. నీ ఫోటో, వాళ్ల నాయిన ఫోటో పక్కపక్కన పెట్టుకొని కూసుంటుండు. ఎర్రది గాదని ఆయనకు సుత సమజైంది. ఒప్పుకునుడే మిగిలింది."

"పెద్దమ్మా, గా కోటు ఏమైంది?"

"ఏం కోటు?"

"ఫోటోల కోటు. యుద్ధంకెల్లి ఇంటికి తొడుక్కొనే వచ్చి ఉంటడు గద. ఏడికి పోయింది?"

"ఏడికి పోతది. చినిగి ఉంటది. మా అత్త దారం పోగు పారేసెడిది గాదు. చినిగిన బట్టంత బొంతలకే..."

ఆమె మాట అక్కడే ఆగిపోయింది. నేను ఆమె మొహం చూశాను, ఆమె నా మొహం చూసింది.

బొంత ఇంట్లోనే ఉంది. చలికాలం సారు కప్పుకునేది అదే. పాత బట్టలు పొరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టినది, అయిదు కిలోల బరువుంటుంది. పెద్దమ్మ పెళ్లయి వచ్చినప్పుడు వాళ్ల అత్త చేతిలో పెట్టిందట. విప్పుదాం అన్నాను. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"చెయ్యి పెడితే ఊకోను. మా అత్త యాది అదొక్కటే ఉన్నది."

"కుట్టు ఎట్లున్నదో మల్ల గట్లనే కుడ్త పెద్దమ్మా."

"మా అత్త కుట్టు నీకొస్తదా? నలభై ఏండ్ల సంది సూస్తున్న, నాకే రాలే!"

"ఒక్క మూల విప్పుదాం. ఒక్కటే మూల. ఏం లేకుంటే ఊకుందాం."

ఆమె ఒప్పుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. చివరికి ఆమే, సారు నిద్రపోయిన ఒక మధ్యాహ్నం, బొంత మోసుకుని పెరట్లోకి వచ్చింది. "నీ ఒళ్లు గూల, నాకు సుత నిద్ర వడ్తలేదు," అంది. ఇద్దరం ఎండలో కూర్చున్నాం. బీడీ మూతి మలిచే సన్నటి ఇనుప పుల్లతో ఒక్కో కుట్టు లేపాను. పైన ముదురు రంగు చీర. దాని కింద తెల్ల ధోతి ముక్కలు. దాని కింద పిల్లల అంగీలు, ఏదో పూల గుడ్డ. ఒక మూలలో ఏమీ లేదు. పెద్దమ్మే ఇంకో మూల నా ఒళ్లోకి జరిపింది. అక్కడా లేదు. మూడో మూలలో నా వేళ్లకు మందంగా, గరుకుగా తగిలింది. లాగితే ఒక పట్టీ వచ్చింది. పట్టీకి గుండీ కాజా ఉంది. కాజా చుట్టూ దారం కుట్టు చెక్కుచెదరలేదు.

బొంతలో ధోతులుంటాయి, చీరలుంటాయి. అంత మందపు గుడ్డకు కాజా అంటే కోటే.

పైపొర వెలిసి బూడిద రంగులో ఉంది. దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. కానీ కాజా పక్కన గుడ్డ లోపలికి మడిచి కుట్టిన అంచుంది. ఆ మడత లోపలి గుడ్డ, కుట్టినప్పటి నుంచి ఎండ చూడలేదు, సబ్బు చూడలేదు. నాలుగు కుట్లు తెంపి మడత విప్పాను. పసుపు తవ్వినప్పుడు దుంపకు అంటుకుని ఎండిపోతుందే మట్టి, అచ్చం ఆ రంగు.

పెద్దమ్మ ఆ మడతను వేలితో రుద్ది చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది.

"ఎరుపే అని చెప్దాం బిడ్డా. గింత మట్టిరంగు కోసమా ఆయన ఇన్నేండ్లు ఆగింది? ఎట్లనన్న ఆయనకు గిప్పుడు సక్కగ కనవడదు."

"కనవడేది గింతే మిగిలింది పెద్దమ్మా. దానికి సుత అబద్దమే చూపెడ్దామా?"

ఆమె లేచి లోపలికి పోయి సారును నిద్ర లేపుకుని వచ్చింది.

సారు ఎండలో కూర్చుని ఆ పట్టీని చేతిలోకి తీసుకున్నాడు. రంగు చూడలేదు ముందు. కాజాలో చిటికెన వేలు దూర్చి, తీసి, మళ్లీ దూర్చాడు. పెద్దమ్మ ఉండబట్టలేక అంది, "రోజు మీద కప్పుకొని పండుకున్నరు గద! నలభై ఏండ్ల సంది నాయినెట్లుండె, కోటెట్లుండె అని నా పానం తింటిరి."

సారు పట్టీని నా ఒళ్లో పెట్టాడు. "రంగు కలుపు," అన్నాడు నాతో.

కలపడం అంత సులువు కాదు. మట్టిరంగు డబ్బీ అంటూ ఒకటి దొరకదు. పసుపు, నలుపు కలిపితే పాచిలాగా వచ్చింది. చుక్క ఎరుపు వేస్తే బెల్లం అయ్యింది. తెలుపు కలిపితే పేడ. పెద్దమ్మ పక్కన కూర్చుని ప్రతిదానికీ ఒక పేరు పెట్టేది. "గిది ఎడ్లకొట్టం. గిది మాడిన రొట్టె. గిది మా ఆడిబిడ్డ మొఖం." పైగా తడిగా ఉన్నప్పుడు సరిపోయిన రంగు ఆరాక ముదురయ్యేది. పొనికి చెక్క ముక్కల మీద ఒక్కొక్క రంగు పూసి, ఆరబెట్టి, పొద్దున వెలుతురులో మడత పక్కన పెట్టి చూసేదాన్ని. మూడు సాయంత్రాలు అలా పోయాయి. నాలుగో పొద్దున ఒక ముక్కను మడత పక్కన పెడితే ఏది చెక్కో ఏది గుడ్డో తెలియలేదు. అప్పుడు వేశాను. కోటు మొత్తం, మడతలు, జేబు మూతలు. నా జీవితంలో అంత నెమ్మదిగా ఏ పనీ చేయలేదు.

ఆరాక సారును గడప మీద కూర్చోబెట్టి చేతిలో పెట్టాం. ఎండ ఏటవాలుగా పడుతోంది. సారు తల ఒక పక్కకు వంచి, సిపాయిని దగ్గరికి తెచ్చి, దూరం జరిపి, ఒకచోట ఆపాడు.

"మనుషులు నాకు ముక్కలు ముక్కలుగ కనవడ్తున్నరు బిడ్డా," అన్నాడు కాసేపటికి. "మొఖం జూస్తే కాళ్లుండయి. చేతులు జూస్తే తలుండది. మీ పెద్దమ్మను నిండ జూసి ఏడాదాయె. గని గీయన నిండ కనవడ్తుండు. తల కాంచి కాళ్ల దాంక."

వేలెడంత మనిషి కదా. గొట్టంలో సరిగ్గా ఇమిడాడు. ఆ బొమ్మలు ఎందుకని, చూస్తే ఏం తెలుస్తుందని అడిగినదాన్ని నేనే. ఆ పొద్దు నేనేమీ అడగలేదు.

పెద్దమ్మ బెరుకుగా అంది, "ఎర్రగ లేదని బాధ అనిపిస్తలేదా?"

సారు ఒక్కసారిగా నవ్వాడు. కడుపులోంచి వచ్చిన నవ్వు. "పిచ్చిదానా! ఎడారిల ఎర్రకోటు తొడుక్కొని నిలవడితే కోసు దూరంకెల్లి కాలుస్తుండ్రి. ఇసుకల ఇసుక లెక్క ఉన్నడు గాబట్టే ఇంటికొచ్చిండు. వచ్చిండు గాబట్టే నేను పుట్టిన. ఎర్రకోటైతే నీకు మొగడు లేడు!"

"మంచిగుంటుండె," అంది పెద్దమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

అంతటితో అయిపోయిందనుకున్నాను. సారుకు అవ్వలేదు. మర్నాడు ఇస్త్రీ అంగీ తొడుక్కుని, సిపాయిని జేబులో పెట్టుకుని, నన్ను పిలిచాడు. "నడువు. మార్కెట్‌కు పోవాలె. నాకు మెట్లు కనవడయి."

"ఏం పని సారూ?"

"తప్పు చెప్పిన గద. దిద్దాలె."

నేను పని చేసే షావుకారు దుకాణానికే ముందు పోయాం. ఆయన సారు దగ్గర ఏడో తరగతి చదివినవాడు. అప్పుడు బక్కపలచటి పిల్లవాడట, నేను ఎరిగేనాటికి పరుపు మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టాలి. కాంటా మీద పసుపు బస్తా ఉంది, చుట్టూ హమాలీలు, మోర్తాడ్ నుంచి వచ్చిన రైతులు. సారును చూసి ఆయన ఎలాగో ఆయాసపడుతూ లేచాడు.

"నమస్తే సారూ! గింత దూరం మీరే వచ్చిండ్రేంది? కబురు పంపితే నేనే..."

"గది గాదు. ఏడో తరగతిల నేను మా నాయిన కోటు గురించి ఏం చెప్పిన?"

షావుకారు నా వైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను.

"కోటా సారూ?"

"ఎర్రకోటు అని చెప్పిన. అది తప్పు." సారు జేబులోంచి సిపాయిని తీసి ఆయన మొహం ముందు పెట్టాడు. "గిదీ రంగు. సూడు మంచిగ."

షావుకారు చూశాడు. హమాలీలు బస్తా వదిలేసి దగ్గరికి వచ్చి చూశారు. మోర్తాడ్ రైతు ఒకాయన, "అబ్బ, గుండీలు సుత పెట్టిండ్రు రా!" అన్నాడు.

"సారూ, నిజం చెప్పాల్నంటె," అన్నాడు షావుకారు తల గోక్కుంటూ, "మీరు కొట్టిన దెబ్బలు యాదికున్నయి గని, గా కోటు నాకు అస్సలు యాదికి లేదు."

అందరూ గొల్లున నవ్వారు. సారు మాత్రం నవ్వలేదు. బడిలో ఎలా నిలబడేవాడో అలాగే నిలబడ్డాడు.

"గప్పుడు యాదుంచుకోనందుకే మంచిగైంది. గిప్పుడు యాదుంచుకుంటవా?"

"ఉంచుకుంట సారూ."

"ఏం రంగు?"

"మట్టిరంగు సారూ."

"ఆఁ, కూసో," అన్నాడు సారు. అని, నా మోచెయ్యి పట్టుకుని పక్క దుకాణం మెట్ల వైపు తిరిగాడు. అక్కడ కూర్చున్నాయన సారును చూసి అప్పటికే లేచి నిలబడుతున్నాడు.